నల్లరేగడిలో ఇల్లా.. ముందు మట్టి చూడండి

నంద్యాల: సొంతింటి ప్లాను గీయించేటప్పుడు వాస్తు, గదుల కొలతలపై గంటల తరబడి చర్చించేవారు కింద ఉన్న మట్టి సంగతి అంతగా పట్టించుకోరు. నల్లరేగడి నేలల్లో ఈ నిర్లక్ష్యం కొన్నేళ్లకే గోడలపై ఏటవాలు పగుళ్లుగా బయటపడుతుంది.

ఈ మట్టి వానకు ఉబ్బుతుంది. ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతు చాలకపోతే దాంతోపాటే ఇల్లూ కదులుతుంది. సాధారణంగా సుమారు 3.5 మీటర్ల లోతు దాటితే తేమలో మార్పు స్వల్పం. అందుకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ పునాదులను ఇంజినీర్లు సూచిస్తుంటారు. నేలలో గుండ్రంగా బోరు తీసి, అడుగుభాగాన్ని రెండున్నర రెట్ల వరకు వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దించి కాంక్రీటు నింపుతారు. అడుగునున్న ఆ ఉబ్బెత్తు భాగం పైల్ పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది. పైల్స్‌ను కలిపే బీముకు, నేలకు మధ్య కొంత ఖాళీ వదలాలి. పని తొందరలో దాన్ని మట్టితో పూడ్చేస్తే, వానకు ఉబ్బిన నేల బీమును పైకి నెడుతుంది.

స్నానాల గది నీరు గోడ పక్కనే ఇంకకూడదు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించాలి. మట్టి పరీక్ష మాత్రం ప్లానుకు ముందే చేయించుకోవాలి. పునాది ఖర్చు ఎంతో తేలితేనే గదులెన్నో నిర్ణయించుకునే వీలుంటుంది.