ఫ్రెంచి క్లబ్బుల్లో ఏం జరుగుతుంది? పిల్లల్ని పంపే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

మండపేట నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వెళ్తే యానాం ఎంతో దూరం కాదు. బజారు పనికి, పెళ్లి బట్టలకి, చుట్టరికానికి మన వాళ్లు వెళ్లొస్తూనే ఉంటారు. ఆ ఊరు 1954 దాకా ఫ్రాన్స్ చేతిలో ఉందన్న సంగతి మాత్రం చాలామంది పిల్లలకు తెలీదు. ఇప్పుడు అదే పిల్లలు హైదరాబాద్, చెన్నై వెళ్లి చదువుతూ ఫ్రెంచి క్లాసుల్లో చేరుతున్నారు. క్లాసుతో పాటు క్లబ్బు, సినిమా, పాటల కార్యక్రమం, విందు అంటూ పిలుపులు వస్తాయి. ఇంట్లో అమ్మానాన్నలకు సందేహం మొదలవుతుంది. అక్కడ ఏం జరుగుతుంది? మన పద్ధతులకు ఇబ్బంది ఉంటుందా?

అసలు ఈ క్లబ్బులు ఏమిటి?

వీటిలో పెద్ద పేరు అలియాన్స్ ఫ్రాన్సేజ్. 1883లో పారిస్‌లో మొదలైంది. ఫ్రెంచి భాష, సంస్కృతి నేర్పడమే దాని పని. మతం, రాజకీయం జోలికి పోకూడదన్నది దాని నియమం. ఇవాళ సుమారు 130 దేశాల్లో ఎనిమిది వందలకు పైగా కేంద్రాలున్నాయి. పుదుచ్చేరి కేంద్రం 1889 నాటిది. హైదరాబాద్‌లోనూ ఒకటి ఉంది. ఏ ఊళ్లో ఉన్న కేంద్రం ఆ ఊరి చట్టం ప్రకారం నమోదైన సొసైటీ. స్థానికులతో కూడిన కమిటీ దాన్ని నడుపుతుంది. అంటే ఇది ఫ్రాన్స్ ప్రభుత్వ ఆఫీసు కాదు. వీసాలు ఇచ్చేది కూడా వీళ్లు కాదు.

ఏడాది పొడుగునా ఏం చేస్తారు?

మార్చి 20న ఫ్రెంచి మాట్లాడే దేశాల దినం. సెనెగల్, మొరాకో, అల్జీరియా లాంటి చోట్ల నుంచి వచ్చిన సినిమాలు, పాటలు, వంటలు ఆ రోజుల్లో కనిపిస్తాయి. ఫ్రెంచి అంటే ఒక్క ఫ్రాన్సే కాదని, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఎన్నో దేశాల్లో అది చదువుకి, ఆఫీసుకి వాడే భాష అని పిల్లలకు అక్కడే తెలుస్తుంది. జూన్ 21న సంగీత దినం. ఇది 1982లో ఫ్రాన్స్‌లో మొదలై ప్రపంచమంతా పాకింది. జూలై 14 ఫ్రాన్స్ జాతీయ దినం.

పుదుచ్చేరిలో జూలై 14కి ఇంకో అర్థం ఉంది. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన తమిళ, తెలుగు కుటుంబాల వాళ్లు యుద్ధ స్మారకం దగ్గర చేరతారు. రెండు దేశాల గీతాలూ వినిపిస్తాయి. ముందు రోజు రాత్రి దీపాలతో ఊరేగింపు తీస్తారు. మాజీ సైనికులకు అక్కడ సొంత క్లబ్బు కూడా ఉంది. ఇది సరదా కోసం చేసేది కాదు. తాతలు దూర దేశంలో చేసిన సైనిక సేవ, దానికి వచ్చిన పెన్షన్ దీని వెనకాల ఉన్నాయి.

యానాం కథ

యానాంలో 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన ముగిసింది. ఆ ఉద్యమం నడిపిన వాళ్లలో యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య పేరు ముందు చెబుతారు. చట్టప్రకారం విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. ఆ తర్వాత ఆరు నెలల్లోపు, అర్హత ఉన్నవాళ్లు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకుంటామని రాసివ్వొచ్చు. రాసివ్వని వాళ్లు భారత పౌరులయ్యారు. ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి ఎంచుకునే వీలు అలా వచ్చింది.

అంతకు ముందు యానానికి కల్యాణపురం అనే పేరు కూడా ఉండేది. 1930లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల నిషేధ చట్టం అమలులోకి వచ్చాక, ఆ చట్టం వర్తించని యానానికి చుట్టుపక్కల జనం పెళ్లిళ్లకు తరలివచ్చేవాళ్లు. పక్కనున్న పరాయి చట్టాన్ని మేలుకీ వాడుకోవచ్చు, కీడుకీ వాడుకోవచ్చు అనడానికి ఇదే రుజువు.

మనకీ ఫ్రెంచికీ పాత పరిచయమే

నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో హైదరాబాద్‌లో చనిపోయాడు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. వర్ధంతి నాడు ఆయన సమాధి దగ్గర ఉర్సులా జనం చేరేవాళ్లు.

ఇటు నుంచి అటు వెళ్లిన వాళ్లలో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా పేరు ప్రతి ఇంట్లో తెలియాలి. 1908లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, పారిస్‌లో దశాబ్దాల పాటు ఉన్నారు. ఖురాన్‌కి ఆయన చేసిన ఫ్రెంచి అనువాదం 1959లో వచ్చింది. ఫ్రెంచి నేర్చుకుని ఆయన దీన్‌కి దూరం కాలేదు. దీన్‌ని ఫ్రెంచి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు.

మరి పంపాలా, వద్దా?

విందుల్లో వైన్, పంది మాంసం ఉండే అవకాశం ఉంది. ముందే ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదు. హలాల్ గురించి నమ్మకం లేకపోతే శాకాహారం చాలు. అందులోనూ వైన్ వేసి వండారేమో కనుక్కోవాలి. పలకరింపుకి బుగ్గకి బుగ్గ తాకించే అలవాటు ఫ్రెంచి వాళ్లలో ఉంది. గుండె మీద చెయ్యి వేసి "బోన్‌జూర్" అంటే సరిపోతుంది, ఎవరూ నొచ్చుకోరు. ఇష్టం లేని కార్యక్రమానికి వెళ్లకపోయినా క్లాసుకి నష్టం ఉండదు.

ఉపయోగం కావాలంటే కార్యక్రమాల కన్నా పరీక్ష మీద దృష్టి పెట్టాలి. డెల్ఫ్ పరీక్షలో ఏ1 నుంచి బీ2 దాకా నాలుగు మెట్లున్నాయి. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. ఇంటర్‌లో మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుని, పరీక్షయ్యాక మర్చిపోయే పిల్లలు ఎందరో. అలాంటి పిల్లలకు ఆ భాష నోట్లో నిలిచేది నలుగురితో మాట్లాడే చోటే. అందుకే మొదటిసారి పిల్లల్ని ఒంటరిగా పంపకుండా అమ్మో నాన్నో వెంట వెళ్లి ఓ సాయంత్రం కూర్చుని చూడటం మంచిది. చూశాక చెప్పే మాటకి, అది సరే అయినా వద్దు అయినా, ఇంట్లో విలువ ఉంటుంది.