యాప్ 36 అంది... అమ్మ దుప్పటి కప్పమంది!

ఏప్రిల్లో న్యూజెర్సీ వచ్చిన అమ్మ, సెప్టెంబరు చివర్లో ఊరెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ పెరటి తోట నాకు అప్పజెప్పింది. టమాటా, మిర్చి, గోంగూర, ఫెన్సు మీద ఆనప పాదు. రోజూ వీడియో కాల్‌లో నా మొహం కంటే ముందు మొక్కల్ని చూపించాలి. అదే షరతు!

అక్టోబరు మధ్యలో ఓ సాయంత్రం. రాత్రికి 36 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఫోన్ చెప్పింది. నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర కదా, ఇంకా నాలుగు డిగ్రీలుందిలే అనుకున్నా. అమ్మ మాత్రం, "మబ్బు లేదు, గాలీ లేదంటున్నావు. మంచు కురుస్తుందిరా, ఏదైనా పాత దుప్పటి కప్పు" అంది. ఆవిడ మాట తీసేయలేక రెండు పాత దుప్పట్లు టమాటా, మిర్చి మీద కప్పా. పాదుని వదిలేశా.

తెల్లారి చూస్తే ఆనపాకులు ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడుతున్నాయి. దుప్పటి కింద మొక్కలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

యాప్ తప్పు చెప్పలేదు. వాతావరణ కేంద్రాలు కొలిచేది నేలకి ఐదారడుగుల ఎత్తులో గాలి వేడిని. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. గాలి కదలకపోతే చల్లగాలి కిందే పేరుకుంటుంది. అప్పుడు ఆకు మీద చలి యాప్ చెప్పినదానికంటే ఎక్కువే.

మీ తోటకీ ఈ గండం ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. మధ్యాహ్నమే మట్టి తడపండి, తడి నేల వేడిని ఎక్కువ దాచుకుంటుంది. పొద్దుగూకక ముందే గుడ్డ కప్పి, అంచులు నేలకి ఆనేలా ఇటుకలు పెట్టండి. ఒట్టి ప్లాస్టిక్ ఆకుకి తగిలితే అక్కడ మాడిపోతుంది. ఎండ రాగానే తీసేయండి. కుండీల్లో మిర్చి ఇంట్లోకి తెచ్చేయండి. పాలకూర, కొత్తిమీర కొద్దిపాటి మంచుకి తట్టుకుంటాయి. కేల్ అయితే చలికి ఇంకాస్త తియ్యబడుతుంది.

నెలాఖరులో 27 అని హెచ్చరిక వచ్చింది. అంత చలికి దుప్పట్లు ఆగవు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ టార్చి వెలుగులో గోంగూరంతా కోశా. బాగా ఎదిగిన పచ్చి టమాటాలు అరటిపండుతో పాటు కాగితం సంచిలో పెట్టా. పండు నుంచి వచ్చే ఇథిలీన్‌కి అవి మెల్లగా పండుతాయి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం పండవు. చిన్నవన్నీ పచ్చడికి! గోంగూర కడిగి, తడారేదాకా గుడ్డ మీద పరిచి, అమ్మ చెప్పినట్టే నూనెలో మగ్గబెట్టా.

మర్నాడు కాల్‌లో ఖాళీ మడి చూపించడానికి మనసొప్పలేదు. కెమెరా జాడీ వైపు తిప్పా.

అమ్మ కాసేపు చూసి, "ఉప్పు సరిపోయిందా?" అంది.