బిడ్డను అప్పగించుటకు ముందు

విత్తనము కొనిన వెంటనే చల్లుదుమా? నూఱు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలచినవో లెక్కించిన పిమ్మటనే పొలమునకు గొనిపోవుదుము. అయినను పత్తి తీయు దినములలో దేవనకొండ ప్రాంతపు తల్లులు చంటిబిడ్డలను పొరుగింట విడిచి పోవునపుడు అట్టి పరీక్ష యేదియు జరుగదు.

2012 సంవత్సరపు పోక్సో చట్టము క్రింద 2020లో నేర్పడిన నియమములను బట్టి బడులు, శిశుసంరక్షణ కేంద్రములు మొదలగు సంస్థలు తమ సిబ్బంది పూర్వచరిత్రమును అప్పుడప్పుడు పోలీసులచే విచారణ చేయించవలెను. బిడ్డల రక్షణమును గూర్చి వారికి శిక్షణ యిప్పింపవలెను. పొరుగింటిని విచారించువారు లేరు. కావున ఆ భారము మనదే.

ఆ యింట నెవరెవరు వసించుచున్నారు? వచ్చిపోవువా రెవరు? పురుగుమందు డబ్బాలు, నీటితొట్టి బిడ్డ కందకుండ నున్నవా? జ్వరముతో మూర్ఛ వచ్చినచో నామె యేమి చేయును? బంధువైనను ఇవి యడుగుట అవమానము గాదు. బిడ్డ అచటికి బోవుటకు జంకినచో ఆ మాట వినుడు. అపాయము శంకించినచో 1098కి ఫోను చేయుడు.

సంఘ సమావేశమున నీ విషయము చర్చించి, నమ్మకస్తురాలగు నొక స్త్రీని యెన్నుకొని శిక్షణ యిప్పించుట మేలు. చెడిన పైరును మఱుసటి యేట మరల వేసికొనవచ్చును. బిడ్డ విషయమున అట్లు గాదు.