మీకు తెలుసా? బటన్ నొక్కిన వేలు ఎవరిది?

ఇంగ్లీషు చిన్నబడిలో ‘ఆర్’ పక్కన ‘ఎన్’ రాసి చూడండి. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం ‘ఎమ్’లాగే ఉంటుంది. హడావిడిలో మన ‘మ’ని ‘య’ అనుకుని చదివేయమూ, అలాగే.

ఆ రెండక్షరాలతోనే 2015లో ఓ దొంగ 8 లక్షల 34 వేల డాలర్లు కొట్టేశాడు. నష్టపోయింది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కార్ల పరిశ్రమకు అచ్చులు (డైలు) తయారుచేసే అమెరికన్ టూలింగ్ సెంటర్ అనే కంపెనీ. వాళ్ళకు సరుకు పంపే చైనా కంపెనీ ఈమెయిల్ చిరునామాలో ‘ఎమ్’ ఉంటుంది. దొంగ ఆ చోట ‘ఆర్’, ‘ఎన్’ పెట్టి కొత్త చిరునామా తయారుచేసుకుని, ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట ఇందులో వేయండి’ అని రాశాడు. కంపెనీ వాళ్ళు వేశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. అసలు సరఫరాదారు ‘నా బాకీ ఏదయ్యా’ అని అడిగినప్పుడు గానీ విషయం బయటపడలేదు.

వాళ్ళకు ఇన్సూరెన్స్ ఉంది. ట్రావెలర్స్ కంపెనీ ఇచ్చిన పాలసీలో ‘కంప్యూటర్ మోసం’ అన్న పద్దు కూడా ఉంది. అయినా బీమా కంపెనీ చెల్లించనంది. దాని వాదన ఇది: మీ కంప్యూటర్‌లోకి ఎవరూ దూరలేదు, తాళం ఎవరూ పగలగొట్టలేదు. బటన్ నొక్కి డబ్బు పంపింది మీ మనిషి. చేతులారా ఇచ్చినదాన్ని దొంగతనం అంటే ఎలా?

కింది కోర్టు బీమా కంపెనీ మాటే విన్నది. 2018లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసి, చెల్లించాల్సిందే అంది. అంతా సుఖాంతం అనుకోకండి. అంతకు రెండేళ్ళ ముందు, అదే దేశంలో ఇంకో అప్పీలు కోర్టు దాదాపు ఇలాంటి తగాదాలోనే ఉల్టా తీర్పు ఇచ్చింది. అందులో ఓడిపోయింది హ్యూస్టన్ నగరానికి చెందిన అపాచీ అనే చమురు కంపెనీ. ఆ కంపెనీ సిబ్బంది మరీ అజాగ్రత్తపరులేం కాదు. ఖాతా మారిందని ఉత్తరం వస్తే, నిజమో కాదో ఫోన్ చేసి కనుక్కున్నారు. కాకపోతే ఫోన్ చేసింది ఆ ఉత్తరం మీదే అచ్చువేసి ఉన్న నంబరుకి! అవతల దొంగ ఎత్తి ‘అవునండీ, మారింది’ అన్నాడు. తిరిగి రాబట్టుకున్నది పోగా 24 లక్షల డాలర్లు నష్టం.

సైబర్ ఇన్సూరెన్స్ అనగానే మన కళ్ళ ముందు ముసుగేసుకున్న హ్యాకరు మెదులుతాడు. చిన్న వ్యాపారికి అసలు గండం నకిలీ ఇన్‌వాయిస్, దాన్ని నమ్మి డబ్బు పంపిన మన అకౌంటెంటు వేలు. అందుకే పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంటుని అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘మావాడే మోసపోయి డబ్బు పంపితే ఇస్తారా? ఇస్తే ఎంతవరకు?’ ఆ ‘ఎంతవరకు’ దగ్గరే ఉంది మెలిక. పాలసీ మొత్తం కోటి అని అట్ట మీద ఉంటుంది. లోపల ఈ రకం మోసానికి మాత్రం విడిగా ఒక చిన్న పరిమితి ఉండొచ్చు. సబ్‌లిమిట్ అంటారు దాన్ని. ఆస్పత్రి పాలసీలో గది అద్దెకు కోత పడ్డవాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఈ సైబర్ ఇన్సూరెన్స్ ఎప్పటి సరుకు?

ఇంటర్నెట్ బాధ్యతకు తొలి పాలసీ 1997లో వచ్చింది. అమెరికాలో స్టీవెన్ హాస్ అనే బీమా నిపుణుడు ఏఐజీ కంపెనీతో కలిసి దాన్ని తెచ్చాడు. మన ఊళ్ళలో అప్పటికి ఎస్టీడీ బూత్‌లే కళకళలాడుతున్నాయి.

థర్డ్ పార్టీ అన్న మాట బండి ఇన్సూరెన్స్ పుణ్యమా అని అందరికీ తెలుసు. మన బండి తగిలి ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇచ్చేది థర్డ్ పార్టీ, మన బండి బాగుకు ఇచ్చేది సొంత నష్టం. సైబర్ పాలసీ కూడా అంతే. మన దగ్గరున్న కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, రోగుల రిపోర్టులు బయటికి పొక్కితే వాళ్ళు వేసే దావాలు, లాయరు ఫీజులు ఒక వైపు. మన డేటా తిరిగి రాబట్టే ఖర్చు, కొట్టు మూతపడ్డ రోజుల్లో పోయిన లాభం మరో వైపు. ‘లయబిలిటీ’ అన్న మాట మొదటిదానికే సరిగ్గా అతుకుతుంది. పేరు చూసి రెండూ ఉన్నాయనుకోవద్దు.

మామూలు బిజినెస్ పాలసీ సరిపోదా అంటారా? 2011లో సోనీ ప్లేస్టేషన్ ఖాతాల వివరాలు చోరీ అయ్యాయి. సోనీ తన సాధారణ లయబిలిటీ పాలసీ పట్టుకుని వెళ్ళింది. వివరాలు బయటపెట్టింది మీరు కాదు, హ్యాకర్లు. ఆ పాలసీ వర్తించేది మీరు స్వయంగా బయటపెడితేనే అని 2014లో న్యూయార్క్ కోర్టు ఒకటి తేల్చింది. చూశారుగా, మళ్ళీ అదే ప్రశ్న: చేసిన చెయ్యి ఎవరిది? మిషిగన్‌లో మీ చెయ్యే కాబట్టి ఇవ్వబోమంది బీమా కంపెనీ, ఇక్కడ మీ చెయ్యి కాదు కాబట్టి ఇవ్వక్కర్లేదంది కోర్టు.

పి.ఎఫ్. చాంగ్స్ అని అమెరికాలో చైనా వంటకాల రెస్టారెంట్ల గొలుసు ఉంది. ఏడాదికి 1,34,052 డాలర్ల ప్రీమియం కట్టి విడిగా సైబర్ పాలసీయే తీసుకుంది. 2014లో దాదాపు 60 వేల కార్డుల నంబర్లు చోరీ అయ్యాయి. విచారణ, దావాల ఖర్చుల కింద బీమా కంపెనీ సుమారు 17 లక్షల డాలర్లు ఇచ్చింది. కానీ కార్డు కంపెనీలు విధించిన మరో 19 లక్షలు ఇవ్వనంది. కార్డులు గీకే సౌకర్యం కోసం బ్యాంకుతో చేసుకున్న ఒప్పందంలో ‘ఇలాంటి నష్టం వస్తే మేమే భరిస్తాం’ అని రెస్టారెంటే సంతకం పెట్టింది. ఒప్పందంలో నెత్తిన వేసుకున్న బాధ్యత పాలసీ కిందికి రాదని పాలసీలోనే ఉంది. 2016లో కోర్టు కూడా అదే మాట అంది. కౌంటర్ మీద స్వైపింగ్ మెషీన్ పెట్టించుకున్నప్పుడు మనం సంతకం పెట్టిన కాగితాలు ఎవరైనా చదివారా? నేను చదవలేదు.

చదవని కాగితాల మాట వచ్చింది కాబట్టి, ప్రపోజల్ ఫారం.

పాలసీ అమ్మే ముందు కంపెనీ ఒక ప్రశ్నల పత్రం ఇస్తుంది. బ్యాకప్ తీస్తున్నారా? యాంటీవైరస్ ఉందా? బయటినుంచి లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్‌తోపాటు రెండో తాళం, అంటే ఓటీపీలాంటిది, ఉందా? మన దగ్గర ఈ ఫారం ఎలా నిండుతుందో అందరికీ తెలిసిందే. ఏజెంటు టీ తాగుతూ ‘అన్నిటికీ యెస్ పెట్టేస్తాను సార్, మీరు సంతకం చేయండి చాలు’ అంటాడు. యజమాని కొట్టులో బేరం వదలకుండానే సంతకం గీకేస్తాడు.

ఇల్లినాయ్‌లోని ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే ఎలక్ట్రానిక్స్ తయారీ కంపెనీ కూడా రెండో తాళం ఉందని రాసిచ్చింది. 2022 మే నెలలో ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) దాడి జరిగింది. బీమా కంపెనీ వచ్చి చూస్తే ఆ తాళం ఫైర్‌వాల్‌కి మాత్రమే ఉందనీ, సర్వర్లకి లేదనీ తేలిందట. క్లెయిము తిరస్కరించి ఊరుకోలేదు. అసలు పాలసీయే చెల్లదని జులైలో కోర్టుకెక్కింది. కొద్ది వారాలకే రెండు పక్షాలూ ఒప్పుకుని పాలసీని రద్దు చేసుకున్నాయి. మొదటి నుంచీ లేనట్టే లెక్క. కాబట్టి ఆ ఫారాన్ని ఏజెంటు చేత కాదు, కంప్యూటర్లు చూసే కుర్రాడి చేత నింపించండి. ‘నో’ అని రాయాల్సిన చోట ‘నో’ అనే రాయండి. ప్రీమియం నాలుగు డబ్బులు పెరిగితే పెరిగింది.

బ్యాకప్ అన్న ప్రశ్నకు మా బజారులో ఒక మందుల హోల్‌సేల్ కొట్టువాళ్ళ జవాబు చూపిస్తాను. టాలీ నడిచే కంప్యూటర్ పక్కన చిన్న నల్ల డబ్బా, అదే హార్డ్ డిస్కు. దాని మీద కిందటి దసరా ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు, దాని చుట్టూ పేరుకున్న దుమ్ము. వైరు ఏడాది పొడవునా కంప్యూటర్‌కి తగిలించే ఉంటుంది. ‘రోజూ రాత్రి బ్యాకప్ అయిపోతుంది, మాకేం భయం లేదు’ అంటారు. ర్యాన్సమ్‌వేర్ వచ్చిందంటే కంప్యూటర్‌తోపాటు దానికి తగిలించి ఉన్నవన్నీ తాళం వేసేస్తుంది. ఆ డబ్బా కూడా తాళంలోనే. బీరువా తాళంచెవిని బీరువాకే వేలాడదీసి ఊరెళ్ళినట్టు. ఒక కాపీ వైరు పీకేసి ఇంట్లో పెట్టుకుంటేనే అది బ్యాకప్.

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో నైట్స్ ఆఫ్ ఓల్డ్ అని ఒక లారీల కంపెనీ ఉండేది. ఓల్డ్ అన్నది అక్కడి ఊరి పేరు. 1865లో గుర్రబ్బండితో మొదలై దాదాపు 500 లారీల దాకా పెరిగింది. 2023 జూన్‌లో అకీరా అనే ముఠా లోపలికొచ్చింది. ఎవరో ఉద్యోగి పెట్టుకున్న తేలికపాటి పాస్‌వర్డ్ ఊహించి వచ్చి ఉంటారని అనుమానం. ఇన్సూరెన్స్ ఉంది. అయినా పద్దులు పోయాయి. అప్పులిచ్చేవాళ్ళకు చూపించడానికి లెక్కలు లేవు. సెప్టెంబరుకల్లా 158 ఏళ్ళ కంపెనీ మూతపడింది, 700 మంది రోడ్డున పడ్డారు. పాలసీ డబ్బు ఇస్తుంది, పద్దుల పుస్తకం ఇవ్వదు.

మన హైదరాబాదులో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు తరలించుకుపోయారు. అదీ ఉద్యోగులకు వచ్చిన దొంగ మెయిళ్ళ నుంచే మొదలైంది. ఆ తర్వాత జాగ్రత్తలు సరిగా పాటించలేదని రిజర్వు బ్యాంకు 65 లక్షలు జరిమానా కూడా వేసింది. దెబ్బ మీద దెబ్బ అంటే ఇదే.

జరిమానాలు పాలసీ కడుతుందా? చాలా పాలసీల్లో ‘చట్టం ఒప్పుకున్నంత మేరకు’ అన్న మాట ఉంటుంది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో గరిష్ఠ జరిమానా 250 కోట్లు. అది పెద్ద చేపలకే అనుకున్నా, డేటా ఉన్న చిన్న క్లినిక్కూ, కోచింగ్ సెంటరూ ఆ చట్టం పరిధిలోనివే.

యుద్ధం వస్తే బీమా ఇవ్వరు, ఇది పాత నియమం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్క్ అనే మందుల కంపెనీకి 140 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. అది రష్యా పని, కాబట్టి యుద్ధమే అని బీమా కంపెనీలు వాదించాయి. యుద్ధమంటే తుపాకులూ సైన్యాలూ అని జనం అనుకునే అర్థమేనని న్యూజెర్సీ కోర్టులు మెర్క్ పక్షాన నిలిచాయి. లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా మార్కెట్ ఊరుకుంటుందా? ప్రభుత్వాలు చేయించే సైబర్ దాడులకు విడిగా మినహాయింపు రాయాల్సిందేనని 2023 మార్చి 31 నుంచి తన దగ్గర నియమం పెట్టింది. మీ పాలసీలో ‘యుద్ధం’ అన్న పేరా ఎంత పొడుగుందో చూడండి. పొడుగ్గా ఉంటే ఈ కథ తర్వాత రాసిందై ఉండొచ్చు.

గంటల లెక్క కూడా ఉంది. వ్యాపారం ఆగిపోయిన నష్టం మొదటి నిమిషం నుంచీ ఇవ్వరు. సాధారణంగా తొలి 8 నుంచి 12 గంటలు మన ఖాతాలోనే. ఇక ప్రభుత్వ గడియారం వేరు: సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వాళ్ళకు చెప్పాలి. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు, అవతలి ఖాతాలో ఇంకా మిగిలుంటే ఆపుతారు. మరి బీమా కంపెనీకి? వెంటనే. వాళ్ళని అడక్కుండా నిపుణుణ్ణి పిలిపించినా, దొంగతో బేరమాడినా ఆ ఖర్చు ఇవ్వకపోవచ్చు. కంగారులో మనవాళ్ళు చేసే మొదటి పని కంప్యూటర్‌ని ఫార్మాట్ కొట్టించడం. దానితో సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

చివరగా దొంగల వైపు నుంచి ఒక మాట. 2021 మార్చిలో ఆర్‌ఈవిల్ అనే ముఠా ప్రతినిధి ఒక ఇంటర్వ్యూలో, ఇన్సూరెన్స్ ఉన్న కంపెనీలంటే తమకు మహా రుచి అనీ, ముందు బీమా కంపెనీలోకే దూరి కస్టమర్ల జాబితా తీస్తామనీ చెప్పుకున్నాడు. అదే ఏడాది మేలో ఆక్సా అనే బీమా సంస్థ ఫ్రాన్స్‌లో ఇకపై దొంగలకు కట్టిన సొమ్ము తిరిగి ఇచ్చే పాలసీలు రాయబోమని ప్రకటించింది. కొద్ది రోజులకే ఆసియాలోని దాని శాఖల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది.

లోపలికొచ్చిన దొంగ మీ పాలసీ కాపీ దొరికితే చదువుతాడు, ఎంతకు బీమా ఉందో చూసి అంతే అడుగుతాడు. ‘పాలసీ’ అని పేరు పెట్టిన ఫోల్డర్ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉందా? దాన్ని ప్రింటు తీసి, జీఎస్టీ కాగితాల బొత్తిలో పెట్టి, కంప్యూటర్‌లోంచి తీసేయండి. క్లెయిముకి ఫోన్ చేయాల్సిన నంబరు ఉన్నది కూడా ఆ పాలసీలోనే. తెర మీద దొంగల ఎర్రక్షరాలు వచ్చిన రోజున అది కూడా తాళంలో ఉంటే, నంబరు కోసం మళ్ళీ ఏజెంటుకే ఫోన్ చేయాలి. ఆదివారమైతే ఆయన ఎత్తడు.