విశాఖ నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు?

తమ్ముళ్లూ! మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో పైన విమానం పోతుంటే "ఇది హైదరాబాదుకి ఎంతసేపట్లో పోతుందిరా?" అని పందాలు కాసేవాళ్లం. ఆ పందెం ఎప్పుడూ తేలలేదు. నిజానికి పదో తరగతి లెక్కలు చాలు.

అట్లాసు తీయండి. విశాఖ విమానాశ్రయం సుమారు 83.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, శంషాబాద్ 78.4 దగ్గర ఉన్నాయి. తేడా 4.8 డిగ్రీలు. భూమధ్యరేఖ మీద డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక, మన 17.5 డిగ్రీల అక్షాంశం దగ్గర 111ని కొసైన్ 17.5తో, అంటే 0.954తో గుణించాలి. 106 వస్తుంది. దాన్ని 4.8తో గుణిస్తే సుమారు 509 కి.మీ. ఇక అక్షాంశాల తేడా అర డిగ్రీ, అంటే 55 కి.మీ. ఈ రెండూ భుజాలైతే కర్ణం 512 కి.మీ. ఇంత కొద్ది దూరానికి భూమి వంపు పట్టించుకోనక్కరలేదు. రైలుకైతే సుమారు 700 కి.మీ.; అది విజయవాడ దాకా దిగి, వరంగల్ మీదుగా మళ్లీ పైకి ఎక్కాలి కదా!

(పైలట్లు కిలోమీటర్లలో చెప్పరు, ఓడల వాళ్లలాగే నాటికల్ మైళ్లలో చెబుతారు. మైలుకు 1.852 కి.మీ. కనుక ఇది 276 మైళ్లు.)

జెట్ విమానం గంటకు 800 కి.మీ. పోతుంది. 512ని 800తో భాగిస్తే 38 నిమిషాలు. నేను బోల్తాపడింది ఇక్కడే. నా మొదటి విమాన ప్రయాణం ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి. టికెట్టు మీద గంటా పదిహేను నిమిషాలని ఉంటే, మిగతా సమయం ఊరికే కలిపారనుకున్నాను. 9.15కి విమానం, 11 గంటలకు నగరంలో ఇంటర్వ్యూ. ధీమాగా ఎక్కాను.

విమానం నిలిచిన చోటు నుంచి కదలడంతోనే టికెట్టు సమయం మొదలవుతుంది, దిగాక మళ్లీ నిలిచేదాకా లెక్కే. రన్‌వే దాకా పాకడానికే పది నిమిషాలు పట్టవచ్చు. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. 30,000 అడుగుల ఎత్తు నుంచి దిగాలంటే గమ్యం ఇంకా 170, 180 కి.మీ. ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడం, దిగడం పోగా పూర్తి వేగంతో పోయేది 150 కి.మీ. లోపే! పైగా రన్‌వేకి ఎదురుగా రావడానికి చుట్టు తిరగాలి. రద్దీ ఉంటే పైనే ఆగాలి. గాలి ఎదురైతే మరికొన్ని నిమిషాలు. రెక్కలకు పంఖాలుండే ఏటీఆర్ విమానమైతే వేగం గంటకు 500 కి.మీ. మాత్రమే.

నా విమానం దాదాపు వేళకే దిగింది. కాని 2008 మార్చి వరకు విమానాలు దిగిన బేగంపేట నగరం మధ్యలో ఉంది, శంషాబాద్ ఊరి బయట. నేను చేరేసరికి పన్నెండు దాటింది. నన్ను లోపలికి పిలవలేదు.

2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయానికి ఇదే లెక్క వేసి చూడండి. హైదరాబాదుకు గాలి దూరం 30 కి.మీ. దాకా పెరుగుతుంది, అంటే గాలిలో రెండు మూడు నిమిషాలు ఎక్కువ. కాని మన భీమిలి నుంచి విశాఖ నగరమంతా దాటి అవతలికి పోయే పని ఉండదు. ఇంటి దగ్గర నుంచి లెక్క వేస్తే మనకు దూరం పెరిగి సమయం తగ్గుతుంది!