హద్దు, ఎడం, నిదానం: ఆర్.ఓ. ప్లాంట్ అలారం మీటరు అమరికలు – తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం: ఫ్లోరైడ్ ప్రాంతాల ఆర్.ఓ. ప్లాంట్లలో శుద్ధజలాన్ని కనిపెట్టి ఉండే మీటరుకు అలారం హద్దును, టైమర్‌ను ఎలా నిర్ణయించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ అమరికలకు తగిన తెలుగు మాటలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉదయగిరి, ఆత్మకూరు, ఫ్లోరైడ్, కలుజు, పరిభాష.

1. ప్రవేశిక

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ముఖ్యంగా ఉదయగిరి పరిసరాల్లో, భూగర్భజలంలోని ఫ్లోరైడ్ చిరకాల సమస్య. ఇటువంటి చోట ఆర్.ఓ. ప్లాంట్ మీటరు ఆరోగ్యానికి కాపలాదారు. అది నీటి విద్యుద్వాహకతను కొలిచి, కరిగిన లవణాల పరిమాణాన్ని, అంటే టి.డి.ఎస్.ను అంచనా కడుతుంది. ఫ్లోరైడ్‌ను మాత్రం విడిగా గుర్తించలేదు. అలారం ఉన్న మీటరులో ప్రధానంగా మూడు అంకెలను మనమే అమర్చాలి.

2. హద్దు

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం లీటరు తాగునీటిలో టి.డి.ఎస్. 500 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. ఫ్లోరైడ్‌కు ఆమోదయోగ్య పరిమితి 1 మి.గ్రా.; వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. దాకా అనుమతి ఉంది. అయితే అలారాన్ని 500 దగ్గర పెట్టడం సరికాదు. ఉదాహరణకు ముడినీటిలో లీటరుకు టి.డి.ఎస్. 1200, ఫ్లోరైడ్ 4 మి.గ్రా. ఉన్నాయనుకుందాం. మెంబ్రేన్ దెబ్బతిని 40 శాతం లవణాలు దాటిపోతే టి.డి.ఎస్. 480 అవుతుంది, అలారం మోగదు. ఫ్లోరైడ్ కూడా అదే నిష్పత్తిలో దాటితే 1.6 మి.గ్రా. అవుతుంది, అనుమతి పరిమితి మించిపోతుంది. కాబట్టి ప్లాంట్ రోజూ ఇచ్చే అంకెకు కాస్త పైనే హద్దు ఉండాలి. రోజూ 90 వస్తుంటే 150 చాలు.

ఆత్మకూరు ప్రాంత రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. చెరువు కలుజును కట్ట తెగే మట్టంలో కట్టరు. దానికి దిగువనే కడతారు.

3. ఎడం

హద్దు 150 అయినప్పుడు అంకె 149, 151 మధ్య ఊగితే అలారం మోగుతూ ఆగుతూ ఉంటుంది. విసిగిన ఆపరేటరు దాని నోరు నొక్కేస్తాడు. అందుకే 150 వద్ద మోగి, 140కి దిగాకే ఆగేలా అమరుస్తారు. ఈ 10 అంకెల వ్యత్యాసాన్ని ఇంజనీర్లు హిస్టరీసిస్ అంటారు. దీనికి 'తిరుగు ఎడం' అనే మాట సరిపోతుంది.

4. నిదానం

అంకె ఒక్కోసారి క్షణకాలం ఎగురుతుంది. హద్దు దాటిన స్థితి 30 సెకన్లు నిలిచాకే అలారం మోగేలా టైమర్ పెడితే ఈ పొరపాటు తప్పుతుంది. గంటకు 1000 లీటర్లిచ్చే ప్లాంటులో ఆ 30 సెకన్లలో ట్యాంకులోకి చేరేది సుమారు 8 లీటర్లు. అదే 10 నిమిషాలు పెడితే దాదాపు 167 లీటర్లు. రాత్రంతా ఆగిన ప్లాంటులో లవణాలు మెంబ్రేన్ గుండా శుద్ధజలం వైపు చేరతాయి గనుక ఉదయం తొలినీటిని బయటికి వదలాలి. అందుకు వేరే టైమర్ ఉండాలి. అలారం టైమర్‌నే పొడిగించకూడదు.

ఈ కాలాన్ని 'ఆలస్యం' అని అనువదిస్తే అది లోపంగా ధ్వనిస్తుంది. చదివినవారు దాన్ని సున్నా చేసే ప్రమాదముంది. 'రోగనిదానం'లో నిదానం అంటే నిర్ధారణ, వాడుకలో నెమ్మది. ఈ టైమర్ చేసే పని ఆ రెండూ: నెమ్మదించి నిర్ధారించుకోవడం. అందువల్ల 'నిదాన కాలం' సముచితం.

5. ముగింపు

హద్దు, తిరుగు ఎడం, నిదాన కాలం ఈ మూడూ కుదిరితేనే అలారాన్ని ఆపరేటరు నమ్ముతాడు. అయినా మీటరు మౌనంగా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ లేదని కాదు. దానికి ప్రయోగశాల పరీక్ష విడిగా జరగాలి. పరికరంతో వచ్చే సూచనల పుస్తకాన్ని తెలుగు చేసేవారు ఈ వాక్యాన్ని మొదటి పుటలోనే రాయడం అవసరం.