వెలుగూ కేకా: ఫోన్ చార్జింగ్ ఎటు పోతోంది?

మన్ననూరు చెక్‌పోస్టు దాటి బస్సు నల్లమలలోకి వెళ్లాక ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తూ ఆ దారిలో నేను చేసిందల్లా ఫోన్ జేబులో పడేసి కిటికీలోంచి అడవి చూడటమే. కాల్ లేదు, వీడియో లేదు. దోమలపెంట దగ్గర టైమెంతైందో చూద్దామని తీస్తే ఫోన్ వెచ్చగా తగిలింది. చార్జింగ్ చూస్తే, దారంతా సినిమా చూసినట్టు దిగిపోయి ఉంది.

పక్క సీటు పెద్దాయన కూడా తన ఫోన్ కేసి చూసుకుంటున్నాడు. “ఏం చేయకున్నా ఎట్ల దిగిపోతది సార్? బ్యాటరీ ఖరాబైందేమో” అన్నాడు.

“బ్యాటరీ బానే ఉందండీ. ఫోనే అరిచి అరిచి అలిసిపోయింది” అన్నాను. నవ్వాడు గానీ, నేనన్నది హాస్యానికి కాదు.

సరుకెంత?

ఇప్పుడు చాలా ఫోన్ల పెట్టె మీద 5,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. దాన్ని బ్యాటరీ సగటు వోల్టేజితో, అంటే సుమారు 3.85తో హెచ్చవేస్తే 19 వాట్-అవర్లు వస్తాయి. కరెంటు బిల్లు లెక్కలో ఇది ఒక యూనిట్‌లో యాభయ్యో వంతు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దీంతో రెండు గంటలు వెలుగుతుంది. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యానైతే పావుగంట తిరిగి ఆగిపోతుంది.

ఈ కాస్త సరుకుతో 24 గంటలు నెట్టుకురావాలంటే ఫోన్ సగటున 0.8 వాట్ దాటి ఖర్చు పెట్టకూడదు. కానీ తెర వెలిగించి వాడుతున్నంతసేపూ అది ఒకటి నుంచి రెండు వాట్ల దాకా లాగుతుంది. మరి రోజెలా గడుస్తోంది? నిద్రతో. తెర ఆరి గాఢనిద్రలో ఉన్న ఫోన్‌కి వాట్‌లో కొన్ని నూరోవంతులు చాలు. అందుకే చార్జింగ్ నిలవాలంటే చూడాల్సినవి ప్రధానంగా మూడే: ఎంత వెలుగుతోంది, ఎంత గట్టిగా అరుస్తోంది, ఎన్నిసార్లు నిద్ర లేస్తోంది.

కేక

పొలంలో పక్క గట్టు మీదున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడతాం. ఆ చివర చేలో ఉన్నవాణ్ణి పిలవాలంటే కేకెయ్యాలి. టవర్‌తో ఫోన్ వ్యవహారం కూడా ఇంతే. టవర్ దగ్గరుంటే 4జీ ఫోన్ ఒక మిల్లీవాట్ కూడా అవసరం లేకుండా పని కానిచ్చేస్తుంది. దూరమయ్యేకొద్దీ గొంతు పెంచుతూ 200 మిల్లీవాట్ల దాకా పోతుంది. అది గాలిలోకి వెళ్లేది మాత్రమే. అంత శక్తిని బయటికి నెట్టడానికి లోపలి ఆంప్లిఫయర్ బ్యాటరీ నుంచి అంతకు కొన్ని రెట్లు తీసుకుంటుంది. మిగిలింది వేడి. నా జేబులో తగిలిన వెచ్చదనంలో దాని వాటా ఉంది.

సిగ్నల్ పూర్తిగా పోతే కేక ఆగి వెతుకులాట మొదలవుతుంది. తనకు తెలిసిన బ్యాండ్లన్నీ ఒక్కొక్కటే గాలిస్తుంది. మలుపు తిరిగాక ఒక టవర్ దొరికితే చాలు, మళ్లీ పేరు నమోదు చేసుకుని, ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్క ఊపున లాగడం మొదలుపెడుతుంది. అది పూర్తయ్యేలోపు బస్సు ఇంకో మలుపు తిరుగుతుంది.

మీ ఇంట్లో సంగతేమిటో తెలుసుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో కనిపిస్తుంది. హాల్లో మైనస్ 80 ఉండి, వెనక పడగ్గదిలో మైనస్ 110 ఉందనుకోండి. తేడా 30 అంకెలే కదా అనిపిస్తుంది. కానీ ఈ కొలతలో ప్రతి 10కీ పది రెట్లు. అంటే పడగ్గదికి చేరే సిగ్నల్ హాల్లోదానికంటే వెయ్యి రెట్లు బలహీనం. అక్కడ పడుకుని మొబైల్ డేటా మీద వీడియో కాల్ మాట్లాడితే బ్యాటరీ ఎందుకు ఆవిరవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో వైఫై ఉంటే దాన్ని వాడటం, 5జీ వచ్చీపోయీ అల్లాడిస్తుంటే 4జీ మీద స్థిరంగా ఉంచడం, సిగ్నలే లేని దారిలో ఏరోప్లేన్ మోడ్ పెట్టడం: చార్జింగ్ నిలిపే చిట్కాల్లో వీటికి ముందు వరస ఇవ్వాలి.

రేడియోకి ఇంకో అలవాటుంది. పని అయిపోగానే పడుకోదు. ఇంకో మెసేజ్ వస్తుందేమోనని కొన్ని సెకన్లు మెలకువగానే ఉంటుంది, స్టాండులో ఇంజన్ ఆపకుండా ఇంకో మనిషి కోసం చూసే షేర్ ఆటోలాగా. అందుకే నిమిషానికొకటి చొప్పున వచ్చే అరవై చిన్న మెసేజ్‌లకయ్యే ఖర్చు, ఒకేసారి వచ్చే అరవైకంటే చాలా ఎక్కువ.

వెలుగు

మామూలు వాడకంలో పెద్ద ఖర్చు తెరదే. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా ఒక బుల్లి దీపం. నల్లరంగు చూపించాలంటే ఆ దీపాన్ని ఆర్పేస్తే సరి. ఎల్‌సీడీలో అలా కాదు, వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. అక్కడ నలుపంటే ట్యూబ్‌లైటుకి నల్లగుడ్డ కప్పడమే. కాబట్టి డార్క్ మోడ్ ఆదా ఓలెడ్ ఫోన్లకే.

అదీ ఎంత? అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో కొలిచి చూశారు. తెర వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల సగటున 3 నుంచి 9 శాతమే మిగిలింది. వెలుగు నూటికి నూరు పెట్టినప్పుడు మాత్రం 39 నుంచి 47 శాతం మిగిలింది. దీన్నిబట్టి రంగు మార్చడం కన్నా ముందు చేయాల్సింది వెలుగు తగ్గించడం. వెలుగు సగానికి తగ్గినా కంటికి సగమైనట్టు అనిపించదు, కాసేపటికి అదే అలవాటైపోతుంది. ఆ పని ఆటో బ్రైట్‌నెస్‌కి వదిలేస్తే ఎండలో పెంచుతుంది, గదిలోకి రాగానే దించుతుంది. తెర 30 సెకన్లలో ఆరిపోయేలా పెట్టుకుంటే ఇంకొంత కలిసొస్తుంది.

నిద్ర

ఆండ్రాయిడ్‌లో 2015లో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా, తెర ఆరి ఉంటే, యాప్‌ల చిల్లర పనులన్నీ మూటగట్టి ఎప్పుడో ఒకసారి చేయిస్తుంది. దాని నిద్ర చెడగొట్టేది మనం అనుమతులిచ్చిన యాప్‌లే. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం జాబితా చూడండి. మీరు వారానికోసారి కూడా తెరవని షాపింగ్ యాప్ పైవరసలో కనిపిస్తే, దాని బ్యాక్‌గ్రౌండ్ అనుమతీ నోటిఫికేషన్లూ తీసేయండి.

అంతేగానీ, చూసిన యాప్‌లన్నీ వేలితో పైకి తోసేసి ‘క్లీన్’ చేయడం వల్ల ఒరిగేదేం లేదు. ఆ వరసలో కనిపించేవి చాలావరకు కదలకుండా పడి ఉన్నవే. వాటిని చంపేస్తే మళ్లీ మొదటినుంచి లోడ్ కావాలి. నివురుగప్పిన నిప్పుని ఆర్పేసి గంటకోసారి కొత్తగా పొయ్యి రాజేసినట్టు. దీనివల్ల ఆదా లేదని 2016లో ఆపిల్‌లో క్రేగ్ ఫెడరిగీ, గూగుల్‌లో హిరోషీ లాక్‌హైమర్ ఇద్దరూ చెప్పారు. బ్లూటూత్ ఆపడం వల్ల మిగిలేది కూడా స్వల్పమే. ఇక జీపీఎస్ అరవదు, సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహాలు చెప్పేది వింటుందంతే. మ్యాప్ చూస్తూ బండి నడిపేటప్పుడు ఎక్కువగా తినేది ఎండకు పోటీగా వెలిగే తెర, దానికి తోడు డేటా. మ్యాప్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకుని, మాటతోనే దారి చెప్పించుకుంటే చాలు.

ముసలితనం

ఇన్ని చేసినా పాత ఫోన్ పాతదే. సోనీ 1991లో మార్కెట్‌కి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలో అయాన్లు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాయి. ప్రతి చుట్టుకీ కొన్ని దారిలో చిక్కుకుపోతాయి. వేడి ఎక్కువైనా, నూరు శాతం చార్జింగ్‌తో గంటలకొద్దీ పడి ఉన్నా ఆ నష్టం వేగంగా పెరుగుతుంది. అదే సమయంలో లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. 15 శాతం చూపిస్తున్న ఫోన్ కెమెరా తెరవగానే ఠక్కున ఆరిపోవడం దాని పనే. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్ వదలకపోవడం, 80 శాతం దగ్గర ఆపే సదుపాయముంటే వాడటం మేలు. పూర్తిగా సున్నాకి దించి ఎక్కించాలన్న పాత సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది, దీనికి పనికిరాదు.

శ్రీశైలం నుంచి తిరుగు ప్రయాణంలో డ్యామ్ దాటగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టాను. మన్ననూరులో తీసేసరికి బస్సులో అందరి ఫోన్లతోపాటు నాదీ టింగుటింగుమంది. బయటికి తీసి చూశాను. చార్జింగ్ దాదాపు ఎక్కడిదక్కడే ఉంది, చేతికి ఫోన్ చల్లగా తగిలింది.